గుడ్డు జున్ను: యాభై మందికి పిండి అడుగు లేని కీష్

కోడిగుడ్లను పాలతో కలిపి, ఆ మిశ్రమంలో వేయించిన కూరముక్కలనో, మాంసాన్నో, చీజునో చేర్చి, సన్నని వేడి మీద కదలకుండా పేరుకొనే వరకు ఉంచి తీసే వంటకాన్ని ఫ్రెంచివారు కీష్ అంటారు. ఫ్రాన్సుకు ఈశాన్యాన జర్మనీ సరిహద్దును ఆనుకొని ఉన్న లొరేన్ ప్రాంతం దాని పుట్టినిల్లు కాగా, కేకు అనే అర్థమున్న జర్మన్ మాట ‘కూకెన్’ నుంచే ఆ పేరు ఏర్పడిందని భాషావేత్తలు చెబుతారు. తొలినాళ్లలో రొట్టె పిండిని పళ్లెంలా పరిచి, తరువాతి కాలంలో వెన్న కలిపిన మైదాను పలుచగా వత్తి, దానిలో గుడ్లూ మీగడా పోసి కాల్చేవారు. ఆ పిండి పొరను పూర్తిగా వదిలిపెట్టి, గుడ్డు మిశ్రమాన్ని నేరుగా నెయ్యి రాసిన పళ్లెంలో పేరబెట్టినప్పుడు దాన్ని పిండి అడుగు లేని కీష్ అనవచ్చు. నరసాపురం వంటి గోదావరి డెల్టా పట్టణంలో, దొరికే సరుకుతో, ఇంట ఉన్న పాత్రలతో, యాభై మందికి ఒకేసారి దాన్ని వండి వడ్డించే తీరును ఈ అధ్యాయం వివరిస్తుంది.

తీరప్రాంతంలో పిండి పొరను వదలడమే సరైన నిర్ణయం. ఆ పొర కరకరలాడాలంటే మైదాలో కలిపిన వెన్న వత్తేటంతసేపూ గట్టిగా, ముక్కలుముక్కలుగా నిలవాలి. వెన్న 32 డిగ్రీల సెల్సియస్ దాటగానే కరగడం మొదలుపెడుతుంది, నరసాపురంలోని వంటగదులు ఏడాదిలో ఎక్కువ నెలలు ఆ వేడిలోనే ఉంటాయి. ఎలాగో వత్తి కాల్చినా, వశిష్ఠ గోదావరి మీదుగా వచ్చే గాలిలోని తేమకు ఆ పొర కొద్దిసేపటికే మెత్తబడుతుంది. యాభై మందికి పిండి కలిపి, చల్లబరిచి, వత్తి, పళ్లేలకు అద్దే పని ఒక పూటను మింగేస్తుంది కాబట్టి, ఆ శ్రమను గుడ్డు మీదా కూర మీదా పెట్టడం మేలు.

పేరు కొత్తదైనా ఇందులోని విద్య డెల్టా ఇళ్లకు కొత్తది కాదు. గేదె ఈనిన తొలి రోజుల్లో పిండిన జున్నుపాలలో బెల్లమూ, మిరియాలపొడీ, ఏలకులపొడీ కలిపి, గిన్నెను ఆవిరి మీద పెట్టి, చాకు గుచ్చి చూసి దించే జున్నుకూ, కీష్‌కూ సూత్రం ఒక్కటే. ద్రవంగా ఉన్న ప్రొటీన్లు, అంటే మాంసకృత్తులు, వేడి తగిలినప్పుడు ముడులు విప్పుకొని, ఒకదానినొకటి పట్టుకొని, వల అల్లినట్లు అల్లుకొని, ఆ వల కన్నుల్లో నీటినీ కొవ్వునూ బంధిస్తాయి. జున్నుపాలలో ఆ వల అల్లేవి దూడకు రోగనిరోధక శక్తినిచ్చే ప్రొటీన్లు. కీష్‌లో గుడ్డు ప్రొటీన్లు. మొదటి రోజు పాలు చిక్కగా ఉంటాయి గనుక వాటిలో మామూలు పాలు ఎక్కువ కలపాలనీ, మూడో రోజు పాలకు కలపడం తగ్గించాలనీ, లేకపోతే జున్ను ఒకసారి రాయిలా, మరొకసారి నీళ్లగా వస్తుందనీ ఎరిగిన ఇల్లాలికి, గుడ్లకూ పాలకూ మధ్య నిష్పత్తి ఎందుకు ముఖ్యమో వేరుగా చెప్పనక్కరలేదు. అందుచేత ఈ వంటకాన్ని గుడ్డు జున్ను అని పిలవడం సబబు. ఆ పేరు వినగానే వండేవారి చేతికి సన్నని మంటా, ఓపికా గుర్తుకొస్తాయి.

గుడ్లకు ఈ ప్రాంతంలో లోటు లేదు. 2022-23లో దేశంలో ఉత్పత్తైన గుడ్లలో సుమారు 20 శాతం ఆంధ్రప్రదేశ్‌వే కాగా, తణుకు పరిసరాలతో సహా ఉభయ గోదావరి జిల్లాల కోళ్లఫారాలు అందులో పేరెన్నికగన్నవి. 1982లో ఏర్పడిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం ప్రాంతాలవారీగా ఏరోజుకారోజు గుడ్డు ధర ప్రకటించేటప్పుడు ఈ జిల్లాల పేర్లు విడిగా కనిపిస్తాయి. రాష్ట్రంలోని బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళకాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టిన ఆ తల్లి పేరున్న పళ్లెంలో గుడ్డు ఉండటం, పదిమందికి బలమైన తిండి పెట్టాలన్నప్పుడు ఈ ప్రాంతంలో గుడ్డుకు ఉన్న స్థానాన్ని చెబుతుంది. అయితే బడిలోనైనా, ఇంట్లోనైనా జనం ఎక్కువైనప్పుడు గుడ్డు ఉడికించి వలవడం దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే అట్టుకూ పొరటుకూ ఒక్కొక్కరి కోసం పెనం దగ్గర నిలబడాలి. ఒకే పళ్లెంలో పాతికమంది వాటా పేరుకొని, కోస్తే ముక్కగా వచ్చే గుడ్డు జున్ను ఆ చిక్కును విడదీస్తుంది.

ఇక కొలతల సంగతి. గుడ్లు అమ్మే అట్టలో 30 గుడ్లు ఉంటాయి. ఆ అట్టే ఇక్కడ కొలమానం. ఒక అట్ట గుడ్లు, 1.8 లీటర్ల చిక్కటి పాలు, 150 గ్రాముల బియ్యప్పిండి లేదా మైదా, వేయించి నీరు ఇంకించిన తరువాత తూగే 2 కిలోల కూర, అర కిలో చీజు లేదా పన్నీరు కలిస్తే సుమారు 5.8 కిలోల మిశ్రమం తయారవుతుంది, మనిషికి 115 గ్రాముల చొప్పున యాభై మందికి సరిపోతుంది. గుడ్డుకు 60 మిల్లీలీటర్ల పాలు అన్నమాట. ఫ్రెంచి పద్ధతిలో గుడ్డుకు దాదాపు ఇందుకు రెట్టింపు పాలూ మీగడా పోస్తారు, దానివల్ల అది చెంచాకు వణికేటంత మెత్తగా వస్తుంది. కానీ అక్కడ పిండి పొర ఆ మెత్తదనాన్ని మోస్తుంది. ఆ పొర లేనప్పుడు, పైగా ముక్కను విస్తరిలోనో చేతిలోనో పెట్టవలసి వచ్చినప్పుడు, పాలు తగ్గించక తప్పదు. మీగడ కోసం వెతకవలసిన పని కూడా లేదు. ఫుల్‌క్రీమ్ అని అమ్మే ప్యాకెట్ పాలలో నియమం ప్రకారం కనీసం 6 శాతం కొవ్వు ఉండాలి, మంచి గేదె పాలలో అంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. గుడ్డు వల బిగుసుకుపోకుండా మధ్యలో చేరి మెత్తదనమివ్వడానికి ఆ కొవ్వు చాలు. ఇంటికి పోయించుకొనే పాలైతే కాచి, గోరువెచ్చగా చల్లార్చి వాడాలి. మరిగే పాలు గుడ్ల మీద పోస్తే గిన్నెలోనే పొరటు తయారవుతుంది.

బియ్యప్పిండి ఎందుకన్న ప్రశ్న సహజం. పిండిలోని గంజి పదార్థం వేడికి ఉబ్బి, గుడ్డు ప్రొటీన్ల మధ్య అడ్డుగా నిలబడి, అవి ఒకదానికొకటి మరీ దగ్గరగా బిగుసుకోకుండా కాస్తుంది. పాతిక ముక్కల పళ్లేన్ని దగ్గరుండి చూసేవారు ఒక్క నాలుగు నిమిషాలు ఏమరినా వంట చెడకుండా కాపాడేది ఈ గంజే. గుడ్డుకు 5 గ్రాములు దాటితే మాత్రం జున్ను రుచి పోయి దిబ్బరొట్టె లక్షణం వచ్చేస్తుంది. పిండిని మొదట గ్లాసెడు పాలలో ఉండలు లేకుండా కలిపి, ఆ తరువాతే మిగతా పాలలో పోయాలి, అది అడుగుకు దిగే గుణం గలది కాబట్టి పళ్లేల్లోకి గరిటెతో వంచే ప్రతిసారీ అడుగు నుంచి తిప్పాలి.

గుడ్లు కొట్టే పనిలో చూపవలసిన జాగ్రత్త ఒకటుంది, దాన్ని ఎంత నొక్కి చెప్పినా తక్కువే. ప్రతి గుడ్డునూ మొదట చిన్న గిన్నెలో కొట్టి, చూసి, వాసన పట్టి, ఆ తరువాతే పెద్ద పాత్రలో వంచాలి. ఇరవై తొమ్మిది మంచి గుడ్ల మీద ముప్ఫయ్యో మురిగిన గుడ్డు పడితే అట్టంతా పారబోయవలసి వస్తుంది. గిలక్కొట్టేటప్పుడు నురగ రాకూడదు. అట్టుకు నురగ అందం. జున్నుకు అది చేటు, ఎందుకంటే చిక్కుకున్న గాలి వేడికి ఉబ్బి, ముక్కను స్పాంజిలా తూట్లు పొడుస్తుంది. పచ్చసొన తెల్లసొనలో చారలు లేకుండా కలిసే వరకు గరిటెను అడుగుకు ఆనించి తిప్పి, పాలు చేర్చి, జల్లెడలో వడకట్టి, పైకి తేలిన బుడగలను చెంచాతో తీసేయాలి. ఉప్పు ఈ మిశ్రమానికి కిలోకు 10 గ్రాముల లెక్కన, అంటే సుమారు 30 గ్రాములు. కూరకు ఉప్పు వేరు, చీజులో ఉండే ఉప్పు వేరు. పచ్చి గుడ్డును నాలుకకు తగిలించి రుచి చూడటం ఆరోగ్యానికి మంచిది కాదు కాబట్టి, కూర కలిపిన మిశ్రమం గరిటెడు పెనం మీద పోసి, చిన్న అట్టుగా కాల్చి, ఉప్పూ కారమూ సరిచూసుకోవాలి. లొరేన్‌లో జాజికాయ వేసే చోట ఇక్కడ మిరియాలు నిలబడతాయి. జున్నుతో వాటి స్నేహం పాతదే.

ఈ వంటకంలో వైఫల్యాలన్నీ రెండే కారణాల నుంచి పుడతాయి: కూరలోని నీరు, మితిమీరిన వేడి. మొదటిది కంటికి కనిపించదు గనుక ఎక్కువమందిని ముంచుతుంది. బీరకాయ, సొరకాయ, టమాటాల బరువులో తొంభై శాతానికి పైగా నీరే. వాటిని పచ్చిగా తరిగి వేస్తే, పళ్లెం వేడెక్కేకొద్దీ ముక్కల్లోని నీరు బయటికొచ్చి, పేరుకుంటున్న గుడ్డును విడగొట్టి, చివరికి ముక్క కింద మడుగు కడుతుంది. ఆకుకూరైతే వేయించి, చల్లారాక పిడికిట పట్టి గట్టిగా పిండాలి. రెండు కిలోల తోటకూర పిండిన తరువాత చేతిలో ఎంత మిగులుతుందో చూసినవారెవరూ ఆ పనిని మళ్లీ దాటవేయరు. ఉల్లిపాయలు ఎర్రబడే వరకు వేగాలి. గోంగూర, మామిడి వంటి పుల్లని సరుకు పాలను విరగ్గొడుతుంది కాబట్టి దీనికి పనికిరాదు. పెళ్లిళ్లలో ఆవపెట్టి వండే పనసపొట్టు మాత్రం దీనికోసమే పుట్టిందా అనిపిస్తుంది, ఎందుకంటే ఉడికించి పిండి, ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపులో వేయించాక అందులో నీటి జాడ ఉండదు, కొరికితే నార తగులుతుంది, గుడ్డు మెత్తదనానికి ఆ నార జోడీగా కుదురుతుంది.

నరసాపురంలో వండే గుడ్డు జున్నుకు రొయ్య లేకపోతే వెలితే. 2009లో దేశంలో వనామీ రొయ్యల పెంపకానికి అనుమతి వచ్చిన తరువాత భీమవరం, నరసాపురం చుట్టుపక్కల చెరువుల రూపమే మారిపోయింది, ఒలిచిన రొయ్య ఇంటి వంటకు సులువుగా అందుతోంది. రొయ్యల కూర వండేవారు మొదట పసుపూ ఉప్పూ వేసి, మూత పెట్టకుండా, దిగిన నీరంతా ఇగిరి, చిటపట శబ్దం మొదలయ్యే వరకు ఉంచడం ఇక్కడి ప్రతి ఇంట్లో ఉన్న అలవాటే. ఆ శబ్దమే గుడ్డు జున్నుకూ గుర్తు. యాభై మందికి కిలో ఒలిచిన రొయ్య, కిలో ఉల్లిపాయలు, రెండు కిలోల తోటకూర తీసుకొంటే, వేగి, ఇగిరి, పిండిన తరువాత సుమారుగా కావలసిన 2 కిలోలు నిలుస్తాయి. రొయ్య పడనివారు, తింటే ఒళ్లు దద్దుర్లెక్కేవారు ప్రతి గుంపులోనూ ఒకరిద్దరుంటారు కాబట్టి ఒక పళ్లెంలో రొయ్య వేసి, రెండోదాన్ని కూరకే వదిలి, రెండింటి గరిటెలూ వేరుగా ఉంచడం మంచి పద్ధతి.

రెండో కారణమైన వేడి గురించి కొంత వివరంగా తెలుసుకోవాలి. తెల్లసొన 60 డిగ్రీలు దాటాక చిక్కబడటం మొదలవుతుంది, పచ్చసొన 65 నుంచి 70 డిగ్రీల మధ్య గట్టిపడుతుంది. పాలు కలిసినప్పుడు ప్రొటీన్లు ఒకదానికొకటి దూరమవుతాయి గనుక అవి కలిసి వల అల్లడానికి మరింత వేడి కావాలి. పళ్లెం నడిమధ్య 75 నుంచి 80 డిగ్రీలకు చేరినప్పుడు మిశ్రమం నిలుస్తుంది. అక్కడి నుంచి మరో పది డిగ్రీలు పెరిగితే వల బిగుసుకొని, తాను పట్టుకున్న నీటిని బయటికి పిండేస్తుంది, పట్టుదప్పిన జున్నులో పక్కలకు నీరు ఊరడం అదే. అంటే మొత్తం వంట ఆ పది డిగ్రీల సందులో జరగాలి. పళ్లెం అంచులు ముందుగా వేడెక్కుతాయి, నడిమి భాగం చివర వేడెక్కుతుంది. ఈ తేడా ఎంత తక్కువైతే వంట అంత బాగా కుదురుతుంది, ఆ తేడాను శాసించేది పళ్లెంలో మిశ్రమం లోతు. లోతు రెట్టింపైతే వేడి నడిమికి చేరే కాలం రెట్టింపు కాదు, సుమారు నాలుగింతలవుతుంది. పదిమందికి కుదిరిన కొలతను యాభై మందికి పెంచేటప్పుడు పెద్ద గుండిగలో లోతుగా పోసి, నడుమ పచ్చి, అంచున రబ్బరు చేసి బాధపడేవారు చేసే పొరపాటు ఇదే. మనుషులు పెరిగేకొద్దీ పళ్లేలు పెరగాలి, లోతు మాత్రం మూడు సెంటీమీటర్ల దగ్గరే ఆగాలి.

పైన చెప్పిన 5.8 కిలోల మిశ్రమం 30 సెంటీమీటర్ల చదరపు పళ్లేలు రెండింటిలో మూడు సెంటీమీటర్లకు కాస్త పైన నిలుస్తుంది. నిలువుగా ఐదు, అడ్డంగా ఐదు వరుసలు కోస్తే పళ్లేనికి పాతిక ముక్కలు. అంత పళ్లెం ఇంటి ఓవెన్‌లో పట్టదు. పట్టణంలోని బేకరీ వారితో ముందుగా మాట్లాడుకొని, వారి పని తగ్గిన వేళ ఓవెన్ అడగడం ఒక దారి. రొట్టెలకు వాడే మంట దీనికి ఎక్కువ కాబట్టి 165 డిగ్రీలకు తగ్గించి, పళ్లేన్ని మరో పెద్ద ట్రేలో పెట్టి, ఆ ట్రేలో రెండు వేళ్ల ఎత్తు వేడినీళ్లు పోస్తే, నీరు 100 డిగ్రీలు దాటదు గనుక అంచులు మాడవు. నలభై నిమిషాల దగ్గర నుంచి చూస్తూ, సగం కాలంలో పై పళ్లేన్ని కిందికీ, కింది పళ్లేన్ని పైకీ మార్చాలి.

ఓవెన్ లేకపోతే వాసెన ఉంది. గుండిగలో నీళ్లు పోసి, మూతికి గుడ్డ కట్టి, దాని మీద కుడుములు వండే పాత పద్ధతి పేరు వాసెన కట్టడం. ఇక్కడ ఆ గుడ్డ పని కొంచెం మారుతుంది. వెడల్పు గుండిగ అడుగున నాలుగు వేళ్ల నీళ్లు పోసి, ఇనుప కుదురు మీద పళ్లెం నిలిపి, గుండిగ మూతికి పొడిగుడ్డ బిగించి, ఆపైన మూత పెట్టాలి. మూతకు పట్టిన ఆవిరి బొట్లుబొట్లుగా జున్ను మీద పడి గుంటలు చేయకుండా ఆ గుడ్డ పీల్చుకొంటుంది. 24 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గుండ్రని పళ్లేలు నాలుగు తీసుకొంటే వాటి వైశాల్యం మొత్తం ఆ రెండు చదరపు పళ్లేలకు దాదాపు సమానమవుతుంది, కనుక కొలతలేవీ మార్చనక్కరలేదు. నీళ్లు తెర్లుతున్నప్పుడు పళ్లెం లోపలికి దించి, వెంటనే మంట తగ్గించి, మూతను ఒక అగ్గిపుల్లంత ఎత్తున ఒకపక్క తెరిచి ఉంచితే, లోపలి ఆవిరి మెత్తబడి, పాతిక నుంచి ముప్ఫై అయిదు నిమిషాల్లో జున్ను పేరుకొంటుంది. గుండిగ కుతకుతలాడే చప్పుడు వినిపిస్తోందంటే మంట ఎక్కువగా ఉందని అర్థం.

ఆవిరిలో పైపొర ఎర్రబడదన్నది నిజమే. ఎరుపు కావాలనుకొనేవారికి పొరుగునున్న పాలకొల్లు దిబ్బరొట్టె దారి చూపిస్తుంది: అడుగు దళసరిగా ఉన్న కళాయిలో పిండి పోసి, కింద సన్నని సెగ, మూత మీద నిప్పులు పెట్టి, రెండువైపులా ఎర్రగా కాల్చే ఆ విద్య ఓవెన్ పనిని ఓవెన్ లేకుండా చేయడమే. ఏడెనిమిది గుడ్ల మిశ్రమాన్ని నెయ్యి వేడెక్కిన కళాయిలో పోసి, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు పరిస్తే, అడుగున తనంతట తానే ఎర్రని పొర కట్టి, పిండి లేని లోటు తీరుస్తుంది. రుచిలో మూడు పద్ధతుల్లోనూ ఇదే మేలైనది. యాభై మందికి మాత్రం నాలుగు కళాయిలు, నాలుగు పొయ్యిలు, వాటిని కనిపెట్టి ఉండే చేతులు కావాలి.

పళ్లెం ఏదైనా అడుగున అరటాకు పరిస్తే ముక్కలు విరగకుండా లేస్తాయి. ఆకును ముందుగా సెగ మీద అటూ ఇటూ తిప్పితే పచ్చి పెళుసుదనం పోయి, ముదురు రంగుకు మారి, బట్టలా వంగుతుంది. అప్పుడు ఈనె తీసి, మెరిసే వైపు పైకి వచ్చేలా పరిచి, నెయ్యి రాయాలి. విడివిడి వాటాలుగా వడ్డించదలచినవారికి కోనసీమలో పొట్టిక్కలు వండే పనసాకు బుట్టలున్నాయి; నాలుగు ఆకులను పుల్లలతో కుట్టిన ఆ బుట్ట లోపల చిన్న అరటాకు ముక్క వేసి మిశ్రమం పోస్తే కారిపోదు, ఉడికిన ఆకు వాసన గుడ్డుకు పడుతుంది.

ఉడికిందో లేదో తెలుసుకోవడానికి వంట థర్మామీటరు ఉంటే నడిమధ్య గుచ్చి 75 డిగ్రీలు చూసుకోవాలి. లేనప్పుడు పళ్లేన్ని అంచు పట్టి మెల్లగా కదిపితే, చుట్టూ కదలకుండా ఉండి, నడుమ అరచేయంత మేర జున్నులా అదరాలి. అలలా దొర్లితే పచ్చి, అసలు కదలకపోతే ఆలస్యమైపోయింది. దించిన తరువాత కూడా లోపలి వేడి మరో మూడు నాలుగు డిగ్రీలు పెరిగి ఆ అదురును తీరుస్తుంది. పావుగంట ఆగకుండా చాకు పెట్టకూడదు.

నరసాపురంలో జనం కూడే సందర్భాలు తక్కువేమీ కావు. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా ప్రారంభించిన మిషన్ నాటి నుంచీ క్రైస్తవ సంఘాలు ఈ డెల్టాలో వేళ్లూనుకొన్నాయి, ఆరాధన తరువాత అందరూ కలిసి కూర్చొని తినే ప్రేమవిందు వారికి పండుగలో భాగం. 2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసును అల్లే స్త్రీలు పదిమందీ కలిసే చోట, అంతర్వేది కల్యాణానికి వచ్చిపోయే బంధువులతో నిండిన ఇళ్లలో కూడా ఇదే అవసరం. సఖినేటిపల్లి రేవు నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చేవారు ఏ వేళకు చేరతారో చెప్పలేం కాబట్టి, వేడిగానే తినాలన్న నిబంధన లేని వంటకం ఇంటివారికి ఊరట. ఇక్కడే హద్దు కూడా తెలిసి ఉండాలి. గుడ్డూ పాలూ కలిసిన వంటకాన్ని 5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఉంచితే సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. బయట రెండు గంటలు, గాలి వేడి 32 డిగ్రీలు దాటిన రోజున ఒక్క గంట మాత్రమే దాన్ని ఉంచవచ్చన్నది ఆహార భద్రత నిపుణుల నియమం. డెల్టాలో పగటిపూట రెండో లెక్కనే పాటించాలి. కనుక రెండు పళ్లేలనూ ఒకేసారి దించకుండా, మొదటిది వడ్డిస్తుండగా రెండోది పొయ్యి మీద ఉండేలా ముప్పావుగంట ఎడంతో ఎక్కించడం తెలివైన పని.

ముందురోజే అంతా వండి పెట్టుకోవడం కంటే, సరుకును ముందురోజు సిద్ధం చేసి, పొద్దున కలపడమే ఎక్కువ నమ్మదగినది. కూర వేయించి, పలుచగా పరిచి చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టాలి. పాలూ పిండీ కలిపి వేరే పాత్రలో ఉంచాలి. గుడ్లు పొద్దుటే కొట్టాలి. ఫ్రిజ్ చాలకపోతే, రొయ్యల వ్యాపారం ఉన్న ఊరిలో ఐసుకూ, థర్మాకోల్ పెట్టెలకూ కొదవ ఉండదు, కాకపోతే చేపలు మోయని కొత్త పెట్టెనే కొనాలి. పనిని పంచేటప్పుడు కూరలకు ఇద్దరు, గుడ్లకు ఒకరు, గిన్నెలకు ఒకరు ఉండవచ్చు. మంట దగ్గర మాత్రం మొదటి నుంచి చివరి వరకు ఒకే మనిషి ఉండాలి, వచ్చినవారిని పలకరించే బాధ్యత ఆ మనిషికి అప్పగించకూడదు. మంట సంగతి ఇద్దరి చేతుల్లో పెడితే, తగ్గించే ఉంటారులే అని ఒకరి మీద ఒకరు భారం వేసుకొంటారు. అంతకు వారం ముందు, లేసు అల్లేవారు దుప్పటి మొదలుపెట్టే ముందు నమూనా పువ్వొకటి అల్లి చూసుకొన్నట్లు, పదో వంతు కొలతతో, అంటే మూడు గుడ్లు, 180 మిల్లీలీటర్ల పాలు, 15 గ్రాముల పిండి, 200 గ్రాముల కూర, 50 గ్రాముల చీజుతో ఒక చిన్న గిన్నెడు వండి చూడాలి. అది ఐదుగురికి సరిపోతుంది, తమ పొయ్యి తీరెలాంటిదో వండేవారికి తెలిసిపోతుంది.

గుడ్డు తినని అతిథులకు, కార్తీకంలో వ్రతం పట్టినవారికి, శనివారం నియమం పాటించేవారికి శనగపిండిని మూడింతల మజ్జిగలో కలిపి, అదే పనసపొట్టు వేసి, గట్టిపడే వరకు కలియబెట్టి, వేరే పళ్లెంలో పేరబెట్టి పెట్టవచ్చు. అది జున్ను కాదు, కానీ గౌరవమైన వాటా. దానికి గరిటె, చాకు విడిగా ఉండాలి.

వడ్డనకు పెద్ద హంగేమీ అక్కరలేదు. పొడవాటి పలుచని చాకును వేడినీళ్లలో ముంచి, తుడిచి, రంపంలా లాగకుండా నిలువుగా దించి పైకి తీయాలి, ప్రతి కోతకూ తడిగుడ్డతో తుడవాలి. పక్కన అల్లప్పచ్చడి గానీ పండుమిర్చి పచ్చడి గానీ గోరంత వేస్తే చాలు. మొదట మూల ముక్కను అరటాకు అంచు పట్టి లేపి, దాని అడుగు చూడాలి: కోసిన చోట నునుపుగా, తూట్లు లేకుండా ఉండి, ముక్క లేచిన చోట ఆకు మీద నెయ్యి మెరుపు తప్ప నీటి చుక్క కనిపించకపోతే, మిగతా ఇరవై నాలుగు ముక్కలనూ ధైర్యంగా కోయవచ్చు.